ఆవకాయ జాడీ, పల్లావరం రాయి

సభలోని పెద్దలకు, ముందు చాప మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ఈ చెన్నై సభకు నేను తాంబరం నుంచి లోకల్ రైల్లో వచ్చాను. దారిలో పల్లావరం స్టేషన్ వస్తుంది. మీలో కొంతమంది రోజూ ఆ స్టేషన్ మీదుగానే ఆఫీసుకు వెళ్తుంటారు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. 1863 మే 30న ఆ పల్లావరంలోనే, కంకర తవ్విన ఒక గుంటలో, రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయనకు ఒక రాయి దొరికింది. ఆయన జియలాజికల్ సర్వే ఉద్యోగి. రాళ్ళు చూడటమే పని కాబట్టి, మనమైతే కాలితో తన్నేసి పోయే ఆ రాయిని ఆయన చేతిలోకి తీసుకున్నాడు. ఎవరో కూర్చుని, దెబ్బ మీద దెబ్బ వేసి, పెచ్చులు లేపి, అంచు తేల్చిన రాయి అది. చేతిగొడ్డలి అంటారు. ఈ దేశంలో పాతరాతియుగపు మనిషి తిరిగాడని మొదట తెలిసింది ఆ రాయితోనే. ఫుట్ గారి సేకరణ మన ఎగ్మూరు మ్యూజియంలోనే ఉంది. ఎంతమంది చూశారో అడగను, చేతులు లేవవని తెలుసు. ఆ రాయి దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను.

'మనిషి తెలివికీ జంతువుల తెలివికీ తేడా ఏమిటో చెప్పండి మాస్టారూ' అని నిర్వాహకులు అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక భయం వేసింది. నెల్లూరులో చాలా ఏళ్ళు జువాలజీ చెప్పినవాణ్ణి. ఈ ప్రశ్నకు నా నోట్సులో ఒక జవాబు ఉండేది: మనిషి పనిముట్లు చేసుకునే జంతువు. పిల్లలు అదే పరీక్షలో రాసేవాళ్ళు, నేను రెండు మార్కులు వేసేవాణ్ణి. ఆ జవాబు తప్పని తేలి అప్పటికే ఇరవై ఏళ్ళు దాటింది. నా నోట్సు మాత్రం మారలేదు. వేసిన మార్కులు ఇప్పుడు వెనక్కి తీసుకోలేను కనుక, ఈ సాయంత్రం నన్ను నేను దిద్దుకుంటాను.

1960లో ఆఫ్రికాలో, ఇప్పటి టాంజానియాలోని గోంబె అడవిలో, చింపాంజీలను గమనించడానికి వెళ్ళిన జేన్ గుడాల్ ఒక మగ చింపాంజీని చూసింది. అది చెదపుట్ట కన్నంలోకి గడ్డిపరక దూర్చి, దానికి పట్టుకున్న చెదపురుగుల్ని పెదాలతో లాక్కుని తింటోంది. ఆకులున్న రెమ్మ దొరికితే ఆకులు దూసేసి పుల్ల తయారు చేసుకుంటోంది. ఆమెను అక్కడికి పంపిన లూయీ లీకీకి ఈ సంగతి తెలిసింది. ఇక పనిముట్టు అన్న మాటకైనా అర్థం మార్చాలి, మనిషి అన్న మాటకైనా మార్చాలి, లేదంటే చింపాంజీలు కూడా మనుషులేనని ఒప్పుకోవాలి అన్నాడాయన. మూడోది మనం ఒప్పుకోలేదు. మొదటి రెండూ మారుస్తూ కాలం గడుపుతున్నాం.

చింపాంజీ మన దాయాది, పోనీలెండి. మొసలి సంగతి వినండి. ఈసీఆర్ మీద, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, మహాబలిపురం వెళ్ళే దారిలో మొసళ్ళ పార్కు మీరంతా చూసే ఉంటారు. పిల్లల్ని తీసుకెళ్తే 'బొమ్మలా, నిజమైనవా?' అని అడుగుతారు. అంత కదలకుండా పడి ఉంటాయవి. 2007లో వ్లాదిమిర్ డైనెట్స్ అనే పరిశోధకుడు అక్కడే ఒక వింత గమనించాడు. కొంగలు గూళ్ళు కట్టుకునే చోట, మొసళ్ళు మూతి మీద చిన్న చిన్న పుల్లలు పెట్టుకుని నీళ్ళలో పడుకుంటున్నాయి. గూటికి పుల్ల దొరికిందని కొంగ వంగితే, అంతే సంగతులు. అమెరికాలో ఎలిగేటర్లు కూడా పక్షులు గూళ్ళు కట్టే రోజుల్లోనే ఈ పుల్లల వేషం ఎక్కువగా వేస్తాయని తర్వాత ఆయన బృందం రాసింది. నిజంగా వేట కోసమేనా, తేలే పుల్లలు ఊరికే మూతికి తగులుకుంటున్నాయా అన్న వాదన ఇంకా నడుస్తోంది. నాకైతే మొసలి మీదే అనుమానం.

కుండలో రాళ్ళు వేసి నీళ్ళు పైకి తెచ్చిన కాకి కథ మనందరం చదువుకున్నదే. కేంబ్రిడ్జిలో కాకి జాతికే చెందిన రూక్ పక్షులకు గాజుగొట్టంలో నీళ్ళు పోసి, పైన ఒక పురుగును తేల్చి, పక్కన రాళ్ళు పెట్టారు. అవి రాళ్ళు వేసి పురుగును పైకి తెచ్చుకుని తిన్నాయి. చిన్నవి వదిలి పెద్ద రాళ్ళు ఏరుకున్నాయి కూడా. 2009లో వచ్చిన పరిశోధన ఇది. జపాన్‌లో అయుము అనే చింపాంజీ ఉంది. తెర మీద అంకెలు చెదురుమదురుగా కనిపిస్తాయి, అంతలోనే వాటి మీద తెల్లగళ్ళు పడిపోతాయి. ఏ అంకె ఎక్కడుందో గుర్తుపెట్టుకుని వరసగా తాకాలి. ఐదు అంకెలు సెకనులో ఐదో వంతు సేపు కనిపించినా అయుముకు చాలు. దానితో పోటీకి కూర్చోబెట్టిన యూనివర్సిటీ విద్యార్థులు తెల్లమొహం వేశారు. తర్వాత కొందరు మనుషులు పట్టుబట్టి సాధన చేసి దాన్ని అందుకున్నారు, అది వేరే సంగతి. పోటీకి దిగి, ఓడి, ఇంటికెళ్ళి ప్రాక్టీసు చేసుకుని మళ్ళీ రావడం కూడా మనిషి బుద్ధే అనుకోండి.

మెదడు పెద్దది కదా అంటారు కొందరు. ఏనుగు మెదడు మనదానికి మూడు రెట్లకు పైగా బరువు. న్యూరాన్లు, అంటే మెదడులోని నాడీకణాలు, లెక్కపెట్టినవాళ్ళు మనకు సుమారు 8,600 కోట్లు ఉన్నాయన్నారు, ఆఫ్రికా ఏనుగుకు 25,700 కోట్లు. కాకపోతే ఏనుగువి దాదాపు అన్నీ వెనకున్న చిన్నమెదడులోనే ఉన్నాయి. ఆలోచనకు ముఖ్యమైన పై పొరలో మనకు 1,600 కోట్లుంటే దానికి 560 కోట్లే. సరే, ఇక్కడ మనమే గెలిచాం. కానీ మన జాతి మనిషి పుట్టి మూడు లక్షల ఏళ్ళయింది. వ్యవసాయం మొదలుపెట్టి పది, పన్నెండు వేల ఏళ్ళే అయింది. ఇంత మెదడు పెట్టుకుని అన్నాళ్ళు ఏం చేశాడు? తల బరువు ఒక్కటే సమాధానమైతే ఈ లెక్క కుదరదు.

నాకు కనువిప్పు కలిగించింది ఒక పరీక్ష. జర్మనీలో లైప్‌జిగ్ నుంచి ఎస్తర్ హెర్మాన్, మైకేల్ టొమాసెల్లో, వాళ్ళ సహచరులు 2007లో ప్రచురించారు. 106 చింపాంజీలు, 32 ఒరాంగుటాన్లు, రెండున్నరేళ్ళ పిల్లలు 105 మంది. అందరికీ ఒకటే క్వశ్చన్ పేపర్. ఏ గిన్నె కింద తినేది దాచారు, ఏ పళ్ళెంలో ఎక్కువ ఉంది, పుల్లతో దూరంగా ఉన్నది ఎలా లాక్కోవాలి, ఇలాంటి ప్రశ్నల్లో మన పిల్లలకూ చింపాంజీలకూ పెద్ద తేడా రాలేదు. ఎల్‌కేజీ సీటు కోసం రాత్రంతా క్యూలో నిలబడిన తల్లిదండ్రులు బాధపడకండి. తేడా వచ్చింది ఇంకోచోట. పెద్దవాళ్ళు ఒక పని చేసి చూపిస్తే అలాగే చేయడం, వేలితో చూపిస్తే ఎటు చూపిస్తున్నారో పట్టుకోవడం, ఎదుటివాళ్ళు ఏం చేయబోతున్నారో ఊహించడం. ఆ పేపర్లో పిల్లలు చాలా ముందున్నారు.

అంటే, వస్తువులతో తెలివి సమానం. మనుషులతో తెలివి వేరు. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీనికి ఊరగాయ. ఊరగాయ అన్నాను కదా, దాని సంగతి కూడా చెప్తాను. ముందు ఒక పెట్టె కథ.

2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ ఒక పెట్టెతో ప్రయోగం చేశారు. పెట్టె లోపల తినేది ఉంటుంది. చూపించేవాళ్ళు ముందు పెట్టె పై కన్నంలో పుల్ల పెట్టి పొడుస్తారు, తర్వాత ముందున్న తలుపు తెరిచి తినేది తీస్తారు. పెట్టె నల్లగా ఉండి లోపలేముందో కనిపించనప్పుడు చింపాంజీలు రెండు పనులూ చేశాయి. అదే పెట్టెను గాజులా పారదర్శకంగా చేస్తే, పై కన్నానికీ తినేదానికీ సంబంధమే లేదని కనిపిస్తుంది. చింపాంజీలు పొడవడం చాలావరకు మానేసి తిన్నగా తలుపు తెరిచాయి. మూడు నాలుగేళ్ళ మనుషుల పిల్లలు మాత్రం గాజుపెట్టెను కూడా శ్రద్ధగా పొడిచారు. పాశ్చాత్య పిల్లల గారాబం అనుకుంటారేమో, కలహారి ఎడారిలోని బుష్‌మెన్ పిల్లలూ ఇలాగే చేశారని 2010లో మరో ప్రయోగంలో తేలింది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటాం. నిజానికి గట్టున గడ్డి బాగుంటే దూడ గట్టునే మేస్తుంది. మనిషి పిల్లే చేలో మేసేది.

ఇది తెలివితక్కువతనంలా కనిపిస్తోంది కదా? నాకూ అలాగే అనిపించింది, ఆవకాయ గుర్తొచ్చేదాకా.

మా ఆవిడ వాళ్ళమ్మగారు పెట్టే ఆవకాయ ఏడాదంతా నిలిచేది. కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టి, టెంకతో సహా కొట్టి, జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడిచేవారు. ఆవపిండి, కారం, ఉప్పు కొలిచి కలిపి, నువ్వుల నూనె పోసి, జాడీకెత్తి వాసెన కట్టేవారు. మూడో రోజు తిరగకలిపి, ముక్కల మీద నూనె తేలేలా చూసేవారు. ఆ రోజుల్లో వంటింట్లోకి తడిచేత్తో వెళ్తే ఇక అంతే. వీటన్నిటితో పాటు మడి కట్టుకోవడం, మాట్లాడకుండా కలపడం, ఫలానా వారం పెట్టకూడదనడం కూడా ఉండేవి. ఏది ఊరగాయ కోసం, ఏది ఊరికే ఆచారం అని నేను అడిగితే ఆవిడ నన్ను విచిత్రంగా చూసేవారు. 'మా అమ్మ ఇట్లాగే పెట్టేది' అనేవారు. దానికి మించిన సమాధానం లేదు, అవసరమూ లేదు.

మేం మద్రాసు వచ్చాక, నాకు బీపీ వచ్చింది. ఉప్పు తగ్గించమన్నారు. సైన్సు చదివిన బుర్ర కదా, ఆవకాయలో ఉప్పు సగం చేద్దామని మా ఆవిడకు సలహా ఇచ్చాను. నీళ్ళు లాగి సూక్ష్మజీవులు పెరగకుండా చూసేది ఆ ఉప్పే. ఆవ ఘాటు దానికి తోడు, పైన తేలే నూనె గాలి తగలనివ్వదు, కాయ పులుపు ఒకటి. ఇవన్నీ నాకు తెలుసు, క్లాసులో చెప్పినవే. ఆ రోజు మాత్రం ఒక్కటీ గుర్తు రాలేదు. ఆషాఢం దాటకముందే జాడీలో బూజు కట్టింది. అత్తగారికి ఫోన్ చేస్తే నవ్వి ఊరుకున్నారు. కాసేపాగి, 'ఏదైనా చేయండి నాయనా, కొలత మాత్రం మార్చమాకండి' అన్నారు. పాశ్చర్ పేరు వినని మనిషి ఆవిడ. గాజుపెట్టెను పొడిచిన పిల్ల ఆవిడే అనుకుంటే, తలుపు తెరిచి తినేసిన చింపాంజీని నేను.

ఒక మనిషి జీవితంలో కనిపెట్టలేని పనులు కొన్ని ఉంటాయి. వాటిని నిలబెట్టాలంటే ముందు అర్థం చేసుకుని తర్వాత చేస్తాను అంటే కుదరదు. ముందు ఉన్నదున్నట్టు చేయాలి. ఆవకాయనే చూడండి. మిరపకాయ మనది కాదు. అమెరికా ఖండాల పంట, వాస్కో డ గామా వచ్చిన తర్వాత పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన ఘాటు మిరియాలదే. మామిడి, నువ్వులు ఈ నేలవి. కుండ కాల్చడం, కుండకు నిగనిగలాడే పూత పూసి జాడీ చేయడం మరెవరెవరో కనిపెట్టినవి. గానుగ ఇంకెవరిదో. ఇందులో ఒక్కరి పేరూ మనకు తెలియదు, ఒక్కరికీ చివరికి ఏం తయారవుతుందో తెలియదు. ఈ పోగు పడటం ఉంది చూశారా, చింపాంజీ గడ్డిపరకకు అది లేదు. వేల తరాలైనా గడ్డిపరక గడ్డిపరకగానే ఉంది.

ఇదే గుణం వాట్సాప్‌లో చూడండి. ఎవరో పంపారు, ఎందుకో తెలియదు, పది మందికి పంపించాం. వేడినీళ్ళలో అది కలుపుకుని తాగితే ఇది తగ్గుతుందట. చింపాంజీకి ఫోన్ ఇస్తే ఫార్వర్డ్ చేయదు, కొరికి చూస్తుంది. ఆవకాయ జాడీ కావాలంటే ఈ ఫార్వర్డ్ జబ్బు కూడా భరించాల్సిందే. రెండూ ఒకే గుణంలోంచి వచ్చాయి. నేను దీనికి మందు చెప్పలేను.

భాష సంగతి చెప్పకపోతే తెలుగు సభ ఊరుకోదు. 1970ల్లో న్యూయార్క్‌లో హెర్బర్ట్ టెరెస్ ఒక చింపాంజీ పిల్లకు చేతి సైగల భాష నేర్పించాడు. దాని పేరు నిమ్. వందకు పైగా సైగలు నేర్చుకుంది. అది చేసిన అతి పొడవైన మాట పదహారు సైగలది. తెలుగులో చెప్తాను వినండి: ఇవ్వు నారింజ నాకు ఇవ్వు తిను నారింజ నాకు తిను నారింజ ఇవ్వు నాకు తిను నారింజ ఇవ్వు నాకు నువ్వు. వీడియోలు మళ్ళీ మళ్ళీ చూశాక టెరెస్‌కే నమ్మకం పోయింది. చాలాసార్లు అది ఎదుటివాళ్ళ సైగల్నే తిప్పి చేస్తోందని, అది వాక్యం కాదని 1979లో ఆయనే ఒప్పుకుని రాశాడు. తన ప్రయోగాన్ని తనే తప్పుపట్టుకోవడం చిన్న విషయం కాదు. ఇక నాలుగేళ్ళ మన పిల్ల ఏమంటుంది? 'నిన్న తాతయ్య తెస్తానన్న నారింజ ఇంకా తేలేదు.' ఇందులో నిన్న ఉంది, ఒక మాట ఇవ్వడం ఉంది, ఆ మాట తప్పడం ఉంది, కళ్ళ ముందు లేని పండు ఉంది. పైగా తాతయ్య మీద ఫిర్యాదు కూడా. తేనెటీగ నాట్యం చేసి పూలు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నాయో తోటి ఈగలకు చెప్తుంది. దాన్ని విడమరచి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. అంత గొప్ప నాట్యంలోనూ తెస్తానని తేని పూల గురించి చెప్పే వీలు లేదు.

ఇక్కడ ఆపేస్తే నేను మళ్ళీ పాత నోట్సు మాస్టారినే అవుతాను. ఒంటరిగా కనిపెట్టలేనిదాన్ని ఇంకొకరిని చూసి నేర్చుకోవడం మనిషికే సాధ్యమని చాలామంది రాశారు. 2024లో లండన్ నుంచి ఒక పరిశోధన వచ్చింది. బంబుల్‌బీ అని బొద్దుగా ఉండే ఈగ ఒకటుంది, తేనెటీగకు చుట్టం. దానికి రెండు మెట్ల చిక్కు ఉన్న పెట్టె ఇచ్చారు. ముందు నీలం మీట తొయ్యాలి, దానికి ఏ బహుమతీ రాదు. తర్వాత ఎర్రది తోస్తే తీపి నీళ్ళు. ఒంటరిగా వదిలేస్తే రోజుల తరబడి ఒక్క ఈగా తెరవలేకపోయింది. మొదటి మెట్టుకు కూడా ఏదో ఒక బహుమతి పెట్టి, కష్టపడి కొన్నిటికి నేర్పారు. వాటిని చూసిన వేరే ఈగల్లో కొన్ని, ఆ మధ్య బహుమతి లేకుండానే నేర్చుకున్నాయి. ఆవగింజంత మెదడు! మనిషికీ జంతువుకీ మధ్య మనం గీసుకున్న గీత మళ్ళీ జరిగింది. నా మటుకు నేను ఇక గీత అనడం మానేశాను, పోగు అంటున్నాను. ఈగకు ఆ రెండో మెట్టు దాకా పోగుంది. మనకు జాడీ దాకా, రైలు దాకా, ఈ మైకు దాకా ఉంది.

ఇప్పుడు పల్లావరం రాయి. ఫుట్, ఆయన స్నేహితుడు విలియం కింగ్ అదే 1863లో తిరువళ్ళూరు వైపు అత్తిరంపాక్కంలో ఇలాంటి రాళ్ళు చాలా కనుగొన్నారు. మన కాలంలో పురావస్తు పరిశోధకురాలు శాంతి పప్పు బృందం అక్కడే ఏళ్ళ తరబడి తవ్వి, అడుగు పొరలోని చేతిగొడ్డళ్ళు సుమారు 15 లక్షల ఏళ్ళ కిందటివని 2011లో చూపించింది. పై పొరల్లో వేరే పద్ధతి చిన్న పనిముట్లు మొదలైంది సుమారు 3,85,000 ఏళ్ళ కిందట అని 2018లో చెప్పింది. ఆ మొదటి గొడ్డళ్ళు చేసినవాళ్ళు మన జాతి మనుషులే కాదు, మనం అప్పటికి పుట్టలేదు. ఆఫ్రికా నుంచి ఇక్కడిదాకా ఆ ఆకారం పది లక్షల ఏళ్ళకు పైగా పెద్దగా మారలేదు. దాన్ని చూడగానే చేసేయడం కుదరదు. ఇప్పుడు ప్రయత్నించి చూసినవాళ్ళకు చేయి తిరగడానికి నెలలు పట్టింది. అంటే ఎవరో పక్కన కూర్చుని చూశారు, ఎవరో చూపించారు. 'మా అమ్మ ఇట్లాగే కొట్టేది' అన్నట్టు. ఉప్పు తగ్గిద్దామన్న అల్లుడు పది లక్షల ఏళ్ళపాటు ఎవరింట్లోనూ లేడు, లేదా ఉన్నా ఎవరూ అతని మాట వినలేదు. ఎప్పుడో ఒకసారి విని ఉంటారు. ఎన్ని జాడీలు బూజు పట్టాక ఒక కొత్త పద్ధతి నిలిచిందో రాళ్ళు చెప్పవు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. మా మనవరాలికి పోయిన నెల ఏడాది నిండింది. మాటలు రాలేదు. అమావాస్య రోజు ఇంట్లో కాకికి అన్నం పెట్టారు. పిట్టగోడ మీదికి కాకి వచ్చింది. నా ఒళ్ళో ఉన్న పిల్ల చూపుడు వేలు చాచి 'ఆ' అంది. దానికి కాకి అక్కర్లేదు, అన్నం అంతకన్నా అక్కర్లేదు. అడవిలో చింపాంజీలు ఇలా ఒకదానికొకటి వేలు పెట్టి చూపించుకోవడం దాదాపు కనిపించదు. వాటి కంటిలో మనకు తెల్లగా ఉండేచోట చాలావరకు ముదురు రంగు ఉంటుంది, ఎటు చూస్తున్నాయో దూరం నుంచి తెలియదు. మనకు తెలుస్తుంది. మా పిల్ల కాకిని చూసింది, వెనక్కి తిరిగి నా కళ్ళలోకి చూసింది, మళ్ళీ కాకిని చూసింది. నేను కూడా చూస్తున్నానో లేదో అని. నేను చూడటం లేదు, ఫోన్లో ఉన్నాను. రెండు చేతులతో నా గడ్డం పట్టుకుని అటు తిప్పింది.

ప్రశ్నలుంటే అడగండి. వెనక కాఫీ వచ్చినట్టుంది, తాగుతూ అడిగినా ఫర్వాలేదు.